చీరల దుకాణంలో ఎనిమిది లైట్లు

2022 వేసవి, పెళ్లిళ్ల సీజన్. హనుమకొండలోని ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో నేను ట్రైనీ టెక్నీషియన్‌ని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కానీ, పూర్తిగా నాకే అప్పగించిన మొదటి పని బాగా గుర్తుంది. అది నెగ్గితేనే పర్మనెంట్ చేస్తామని మా సూపర్‌వైజర్ ముందే చెప్పారు.

పని వరంగల్‌లోని ఒక చీరల దుకాణంలో. కొనేవాళ్లు చీర అసలు రంగు చూడాలని దాన్ని గుమ్మం దాకా, ఎండలోకి తీసుకెళ్తారు. అక్కడ నిలబడితే ఎదురు దుకాణం కనిపిస్తుంది, కొందరు అటే వెళ్లిపోతారు. దుకాణం యజమాని సేటు బాధ అదే. కౌంటర్ మీద వరుసగా ఎనిమిది లైట్లు, పక్కన ఒక డయల్ కావాలన్నాడు. తిప్పినకొద్దీ ఒక్కొక్కటే వెలగాలి, ఎండ దుకాణంలోకే రావాలి.

డయల్ అంటే పొటెన్షియోమీటర్. తిప్పితే దాన్నుంచి వచ్చే వోల్టేజి మారుతుంది. మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్ ఆ వోల్టేజిని సున్నా నుంచి 1023 దాకా ఒక అంకెగా చదువుతుంది. ఆ పరిధిని భాగాలుగా విడగొట్టి, అంకె ఏ భాగంలో ఉందో చూసి దానికి తగినన్ని లైట్లు వెలిగేలా ప్రోగ్రాం రాశాను. వర్క్‌షాపులో ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూస్తే బాగానే పనిచేసింది.

దుకాణంలో మొదట డయల్ పట్టుకున్నది కూతురి పెళ్లి చీర కోసం నర్సంపేట నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. మధ్యలో ఆపింది. ఐదో లైటు టపటపా కొట్టుకోసాగింది.

"ఓ సేటూ, నీ లైటుకు చలిజ్వరమొచ్చినట్టున్నది. ఎర్రచీర ఒకపారి ఎర్రగ, ఒకపారి నల్లగ కనవడుతాంది."

సేటు నావైపు తిరిగాడు. "ఏం తమ్మీ, లైట్లు పెట్టుమంటే డిస్కో పెట్టినవా? సక్కగ చెయ్యి, లేకుంటే ఇప్పుకొని పో."

డయల్ సరిగ్గా రెండు భాగాల సరిహద్దులో ఆగింది. చిప్ చదివే అంకె ఎప్పుడూ ఒకటి రెండు అటూ ఇటూ ఊగుతుంది. అది గీత దాటినప్పుడల్లా లైటు వెలిగి ఆరుతోంది. వెలగడానికి ఒక గీత, ఆరడానికి అంతకంటే కాస్త కింద మరో గీత పెడితే, ఆ చిన్న ఊపుకు లైటు ఆరదు. దీన్ని హిస్టరిసిస్ అంటారు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాం మార్చి చిప్‌లోకి ఎక్కించాను. పెద్దమ్మ మళ్లీ తిప్పింది. ఎక్కడ ఆపినా లైట్లు నిలకడగా వెలిగాయి.

"ఇప్పుడు మంచిగున్నది" అని, చీర పట్టుకుని నేరుగా గుమ్మం వైపు నడిచింది.

సేటు తల పట్టుకున్నాడు. "మరి గీ లైట్లు దేనికి పెద్దమ్మా?"

"నీ లైట్లు నిజం చెప్తున్నయో లేదో చూడద్దా?"

ఎండలో చీరను అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి వచ్చింది. "రెండు దిక్కుల ఒక్కతీరే ఉన్నది. ప్యాక్ చెయ్యి."

సేటు లైట్లు ఉంచుకున్నాడు, వర్క్‌షాపు నన్ను ఉంచుకుంది. ఆ తర్వాత నేను బిగించిన ప్రతి డయల్‌నూ రెండు చివర్లలోనే కాకుండా ప్రతి సరిహద్దులోనూ ఆపి చూశాను. బట్టల దుకాణమైతే, ఒక చీర తీసుకుని నేనే ముందు గుమ్మం దాకా వెళ్లి చూసేవాణ్ని.