నల్వేయిసో పందులకొచ్చిన దద్దు

మసాకా పట్నంలో పందిమాంసం కాల్చి అమ్మే కొట్టు వెనక పదకొండేళ్ళు పేగులు కడిగింది నల్వేయిసో. భర్త పోయాక ఆ పని మానేసి, ఒక నల్ల ఆడపందిని తోలుకుని ఊరికొచ్చింది. నాలుగేళ్ళలో దొడ్డిలో తొమ్మిది పందులయ్యాయి.

దొడ్డిలోకి వెళ్ళడానికి ఆమెకి వేరే చెప్పులుండేవి. కొత్త పందిని కొంటే నెల్లాళ్ళు అరటితోట చివర విడిగా కట్టేసేది. "నల్వేయిసో పందుల్ని చూడాలంటే కాళ్ళు కడుక్కుని రావాలర్రా!" అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆ ఏడు తొలివానలకి రెండు పందులు మేత ముట్టలేదు. ఒళ్ళు కాలిపోతోంది. నల్లతోలు మీద కంటికేమీ కనపడలేదు గానీ అరచేత్తో తడిమితే వీపంతా పేకముక్క మీది డైమండు గుర్తుల్లా ఉబ్బిన దద్దులు తగిలాయి. అలాంటి తోళ్ళు ఆమె కొట్టు వెనక ఎన్నో గీకింది. ఇది మట్టిలో దాక్కునే సూక్ష్మజీవి వల్ల వచ్చే అంటురోగమనీ, వెంటనే పెన్సిలిన్ ఇస్తే లొంగుతుందనీ పశువుల డాక్టరు కిగుండు ఒకసారి చెప్పాడు.

జబ్బువాటిని వేరుచేసింది. కింద పరిచిన గడ్డి తగలబెట్టి నేలంతా సున్నం చల్లింది. రోజూ తనే సూది వేసింది. మూడోనాటికి రెండూ లేచి చిలగడదుంప తీగలు నమిలాయి.

ఈలోగా పల్లంలో వేరేవాళ్ళ పందులు మూడు చచ్చాయి. ఊరి ఛైర్మన్ సెబున్యా దుడ్డుకర్రలతో ఆరుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఊరికి మందులేని జ్వరం తగిలింది. అన్నిట్నీ చంపి పాతెయ్యాలి."

"ఎవరన్నారు? డాక్టరు చెప్పాడా?"

"రక్తం పరీక్షకి పంపాడు. అది తేలేదాకా కూర్చుంటే ఊళ్ళో ఒక్క పందీ మిగలదు."

"ఆ జ్వరమే అయితే ఈపాటికి నావి చచ్చుండేవి, తమ్ముడూ. సూదికి తగ్గాయి. ఇటురా, చెయ్యిపెట్టి చూడు."

"పేగులు కడిగేదానివి, డాక్టరమ్మవెప్పుడయ్యావే?"

వెనకున్నవాళ్ళు పకపకా నవ్వారు.

కర్రలు చూసి పందులు చెల్లాచెదురయ్యాయి. ఒకదాని నడుం విరిగింది; చావలేక అరుస్తోంది. ఆ అరుపు భరించలేక, తక్కినవైనా ఒక్క దెబ్బకి పోవాలని నల్వేయిసోనే వాటిని పేరుపేరునా పిలిచింది. పిలిచినవి పిలిచినట్టు ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చాయి. అక్కడే కొట్టారు. సెబున్యా పందులు ముందురోజే లారీ ఎక్కి పట్నం కొట్లకి చేరాయని ఆమెకి తర్వాత తెలిసింది.

అయిదు వారాలకి కిగుండు రక్తపరీక్ష కాగితం పట్టుకొచ్చాడు. "అక్కా, అది ఆ మందులేని జ్వరం కాదు. నువ్వన్నదే నిజం."

"నాకెందుకు చదువుతావు నాయనా? ఆ తోట చివర పాతిపెట్టారు. అక్కడికెళ్ళి చదువు."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఒక్కరూ ఆ మాటెత్తలేదు. ఎదురుపడితే వానల గురించి మాట్లాడేవాళ్ళు.

మరుసటి ఏడు వానల్లో సెబున్యా కొత్తగా కొన్న చూలుపందికి ఒళ్ళు కాలిపోయి దద్దులు లేచాయి. అతనే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. కూర్చోమని ఆమె అనలేదు. చిక్కుళ్ళు ఒలుస్తూనే మందు పేరు చెప్పింది, ఎన్నాళ్ళు వెయ్యాలో, సున్నం ఎక్కడెక్కడ చల్లాలో చెప్పింది.

"ఒకసారొచ్చి చూడక్కా. నీ చేతికి తెలిసినట్టు మాకు తెలీదు."

"పేగులు కడిగే చేతికేం తెలుస్తుంది?"

అతను ఇంకా ఏదో అనబోయాడు. ఆమె చిక్కుళ్ళ చాట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ పంది బతికింది. బతికిందని ఆమెకి ఎవరూ వచ్చి చెప్పలేదు. నెల తిరిగాక సెబున్యా దొడ్డి వైపు నుంచి పందిపిల్లల కీచుమనే గోల వినపడితే తెలిసింది. లేచి ఆవైపు కిటికీ మూసేసింది.