మంచు పట్టిన పెట్టె

ఆ రోజుల్లో సింగపూరులో ఆదివారం పూట ఏ తెలుగు కుర్రాడిని కదిపినా రెండే కబుర్లు: ఏ కోర్సు నేర్చుకుంటే జీతం పెరుగుతుంది, ఏ కంపెనీ షేరు ఎక్కడి దాకా ఎగబాకింది. రెండువేల సంవత్సరం వచ్చేసరికి లోకంలోని కంప్యూటర్లన్నీ తికమకపడిపోతాయనీ, వాటిని కాచుకునే భారం మాబోటి వాళ్ల నెత్తిన పడిందనీ అందరూ నమ్మిన కాలమది. (మేమూ నమ్మాం. నమ్మకపోతే అంతంత జీతాలు పుచ్చుకోవడానికి మొహమాటంగా ఉండేది.) అంత గొప్ప కాలంలో, అంత గొప్ప ఊళ్లో ఉండి నేను వెలగబెట్టిన పనేమిటయ్యా అంటే చెక్క పెట్టెలు చేయడం. అరచేతిలో ఇమిడే చిన్న చిన్న పెట్టెలు. వాటిలో ఏం దాచుకోవాలని మాత్రం అడక్కండి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కాలమంతా వాన చప్పుడు వింటూ కునుకు తీసినప్పుడు వచ్చిన కలలా ఉంటుంది. అందులో నేనున్నానంటే నాకే ఒక్కోసారి నమ్మకం కలగదు.

టోవా పాయోలో ఒక ఆంటీ ఫ్లాటులో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆంటీ పుట్టింది మలేసియాలో. రబ్బరు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన సిక్కోలు వాళ్ల మనవరాలు. ఆవిడ మాటలో తాతల నాటి సిక్కోలు యాస, ఇరుగుపొరుగు తమిళం, బజారు మలాయ్ ఒకే గిన్నెలో ఉడికినట్టు ఉండేవి. పైన సింగపూరు వాళ్లు ప్రతి మాట చివరా తగిలించే 'లా' తాలింపు. నన్ను 'పెట్టెల తంబీ' అనేది. చెక్క కోయడం, జిగురు పెట్టి అతికించడం, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దడం వరకూ ఆవిడకు ఏ అభ్యంతరమూ లేదు. నా చేతికి చెక్కకి మెరుగు పెట్టే స్ప్రే లక్కర్ డబ్బా వచ్చాకే వచ్చింది గొడవ. మీట నొక్కితే బుస్సుమంటూ సన్నటి తుంపర లేచేది. పాలిపోయిన చెక్క నా కళ్లముందే తేనె రంగు తిరిగేది. అది చూస్తూ నిలబడితే నాకు ఒళ్లు తెలిసేది కాదు. పైగా మాగిన అరటిపండు వాసన ఒకటి. మొదటిసారి ఆంటీ వంటింట్లోంచి వచ్చి "ఎవులు తెచ్చినారు అరటిపళ్లు?" అని ఆశగా అడిగి, సంగతి తెలిశాక కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఏటి తంబీ ఇది, తలకాయ తిరుగుతంది లా! కారిడార్లోకి ఫో!" అంది. ఫ్లాట్ల ముందు వరండాలా తెరిచి ఉండే కారిడార్లోకి పోయాను. అక్కడ గాలి బాగా ఆడుతుందని తెలిశాక ఇంట్లో చెక్కతో చేసిన ఏ వస్తువునీ వదల్లేదు. ఆంటీ చపాతీ కర్రకి కూడా దట్టంగా పూత వేసి, తళతళలాడిస్తూ తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బజారుకెళ్లి కొత్త కర్ర కొనుక్కుంది.

ఆ ఇంటికి అప్పుడప్పుడూ ఆదివారం భోజనానికి ఒకమ్మాయి వచ్చేది. క్లెమెంటిలో అద్దె గదిలో ఉంటూ అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేసేది. ఉగాది విందులో పరిచయమై ఆంటీ మనసు దోచేసింది. ఆంటీ ఆమెను 'డాక్టరమ్మ' అని పిలిచి, వచ్చినప్పుడల్లా మోకాలు చూపించేది. "నేను ఆ డాక్టర్ని కాదాంటీ" అని ఆమె నవ్వుతూనే మోకాలు చూసేది. దేని మీద పరిశోధన అని నేనూ ఒకసారి అడిగాను. ఏవో పల్చటి పూతలు, పొరలు అని చెప్పింది. (కంప్యూటరుతో సంబంధం లేనిది ఏదైనా చదువేనా అనుకునే రోజులు. తల ఊపేసి ఊరుకున్నాను.) అసలు ఆమె మాట్లాడుతుంటే నేను మాటలు వినేవాణ్ణి కాదు, గొంతు వినేవాణ్ణి. పాడేరు పిల్ల. మాట చివర కొంచెం సాగదీసేది.

నాకు ఆమె అంటే ఇష్టం. ఈ ముక్క ఇంత తేలిగ్గా ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పట్లో నాకు నేను చెప్పుకోవడానికి కూడా నోరు పెగిలేది కాదు. ఆ వానాకాలంతో ఆమె చదువు అయిపోతుంది. విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చేలా ఉంది, వెళ్లిపోతానంటోంది. ఆలోగా ఒక మంచి పెట్టె చేసి చేతిలో పెట్టి, ఆ ఊపులో 'నన్ను పెళ్లి చేసుకుంటారా' అని అడిగేయాలని నా పథకం. ఉత్త చేతులతో అడిగే ధైర్యం లేదు మరి.

పెట్టె అద్భుతంగా కుదిరింది. ఆమె వచ్చే రోజు పొద్దున్నే పూత వేద్దామని కారిడార్లోకి వెళితే వాన దంచికొడుతోంది. ఆగలేక కొట్టేశాను. చూస్తుండగానే పూత పాలు విరిగినట్టు తెల్లబడింది. తుడిచాను, ఊదాను, బతిమాలాను. పెట్టె మొత్తం తెల్లటి మసక కమ్మేసింది. ఆంటీ తొంగిచూసి "అయ్యో, బూజట్టినాదా?" అంది. పెట్టె మీద కప్పడానికి గుడ్డ వెతికాను. దాచే లోపలే ఆమె గొడుగు దులుపుకుంటూ వచ్చేసింది. వచ్చి పెట్టెను చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇది మా పాడేరండీ," అంది. "చలికాలం పొద్దున్నే తలుపు తీస్తే అచ్చం ఇలాగే ఉంటాది. ఎదురుగా చెట్టు ఉందని తెలుసు గానీ కనబడదు. ఇక్కడికొచ్చాక మంచన్నదే మర్చిపోయాను."

బుద్ధున్న వాడెవడైనా ఆ క్షణంలో పెట్టె ఆమెకిచ్చి అడగాల్సింది అడిగేస్తాడు. నేనేమన్నాను? "అయ్యయ్యో, అది మంచు కాదండీ, డిఫెక్టు! వచ్చే ఆదివారానికల్లా ఫిక్స్ చేసేస్తాను," అన్నాను. ఆమె పెట్టెను నా చేతికి తిరిగిచ్చేసింది.

పాత డబ్బా పారేసి హార్డ్‌వేర్ కొట్టుకి పరుగెత్తాను. కొట్టు అంకుల్ అన్నింటికన్నా ఖరీదైన డబ్బా తీసి "దిస్ వన్ బెటర్ లా. రెయినింగ్ ఆల్సో కెన్," అన్నాడు. వానలోనూ పనికొస్తుందంటే మంచి సరుకు అన్నమాట అనుకుని తెచ్చుకున్నాను. ఎండ కాసిన రోజు చూసి పూత వేస్తే మసకంతా కరిగిపోయి పెట్టె అద్దంలా తయారైంది. ఆదివారం రాగానే ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచేదండీ?"

"తీసేశాను కదండీ!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"బాగుంది," అంది. ఆ బాగుంది ఎలాంటిదంటే, పెళ్లిలో వంట బాగా లేనప్పుడు అనే బాగుంది. పెట్టెను బల్ల మీద పెట్టేసింది. మంచు మళ్లీ రప్పించి గానీ పెళ్లి మాట ఎత్తకూడదని ఆ పూటే నిర్ణయించుకున్నాను. "వాన పడినప్పుడు చేస్తే వస్తుందేమో, మీరూ చూద్దురు గానీ రండి," అన్నాను. వస్తానంది.

ఇక చూడండి నా అవస్థ. ఆఫీసులో తప్పులు వెతికి తీసేసినందుకు జీతం. ఇంటికొస్తే ఒక్క తప్పు తెప్పించడానికి తపస్సు. ఆదివారం పొద్దున్నే ఆమె ఫోను: "మా వైపు వాన పడతాంది. మీ వైపో?" నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒకసారి ఎండ చుర్రుమంటుంటే "కుండపోతండీ" అనేశాను. పక్కనే చింతపండు పిసుకుతున్న ఆంటీ నోరు తెరిచి అలా ఉండిపోయింది. ఆమె రైలు దిగి వచ్చి, పొడి పొడిగా మెరుస్తున్న మెట్లు చూసి, చేతిలో గొడుగు చూసుకుని "వెలిసినట్టుంది," అంది అంతే. ఇద్దరం కారిడార్లో నిలబడి మబ్బుల కోసం ఎదురుచూశాం. వాన వచ్చిన రోజున నేను బుస్సుమని పూత వేయడం, ఇద్దరం వంగి చూడటం. అరటిపండు వాసన, వాన వాసన, ఆమె తలనూనె వాసన. పూత నింపాదిగా ఆరి, మళ్లీ తళతళా మెరిసేది. "పర్లేదు, మళ్లీ వారం చూద్దాం," అనేది ఆమె. ఆ మాట వింటే బతుకు మీద తీపి పుట్టేది.

అలా పూత మీద పూత పడి పెట్టె మూత బిగుసుకుపోయింది. వానాకాలమూ చివరికొచ్చింది. ఒక ఆదివారం ఆమె వచ్చీ రాగానే "మావాళ్లు టికెట్ బుక్ చేశారు" అంది. జోరు వాన. ఇదే ఆఖరి అవకాశమనుకుని పూత కొట్టాను. ఎప్పటిలాగే మెరిసింది. ఏడుపొచ్చేసింది.

"ఆ డబ్బాతో రాదండీ," అంది ఆమె మెల్లగా. "తొందరగా ఆరే లక్కరయితే గాలిలో తడి పట్టేసి తెల్లబడతాది. ఇది నెమ్మదిగా ఆరే రకం." (ఇక్కడ నా వంక అదోలా చూసింది.) "తుఫానులో పెట్టినా దీనికి మంచు పట్టదు. మంచు పట్టకూడదనే దీన్ని చేస్తారు."

"మీకెలా తెలుసు?"

"నా చదువే అది కదా. చెప్పాను మీకు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి వారం నుంచి."

"మరి ఇన్నాళ్లూ..."

"మీరేదో అడుగుతారని వస్తన్నాను. మీరేమో పెట్టెకి పూతలు వేస్తానే ఉన్నారు."

వంటింట్లోంచి ఆంటీ గొంతు: "అడిగీ తంబీ, సేపల పులుసు సల్లారిపోతంది!"

అడిగాను. నా నోట వచ్చిన మాట ఇది: "అయితే ఆ తొందరగా ఆరే రకం ఏ కొట్లో దొరుకుతుందండీ?"

ఆమె నుదురు కొట్టుకుంది. నవ్వింది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే నవ్వింది. "టికెట్ కేన్సిల్ చెయ్యాలా వద్దా, అది చెప్పండి ముందు," అంది.

"చేసేయండి," అన్నాను.

మా పెళ్లిచూపులు, నిశ్చయ తాంబూలాలు అన్నీ అంతే. ఇప్పుడూ సింగపూరులోనే, పాసిర్ రిస్‌లో ఉంటున్నాం. వాన పడే ఆదివారాల్లో మా ఆవిడ భోంచేసి కునుకు తీస్తుంది. నేను కిటికీ దగ్గర కూర్చుంటాను. వాన తెర వెనక ఆ కారిడారు కనిపిస్తుంది. చేతిలో డబ్బా పట్టుకుని, పెట్టె మీద వంగి, రాని మంచు కోసం కళ్లు చికిలించి చూస్తున్న వెర్రి కుర్రాడొకడు. 'ఒరే, పెట్టె కేసి కాదురా, పక్కకి చూడు' అని కేకేయాలనిపిస్తుంది. నవ్వుకుని ఊరుకుంటాను. వాడు గనక పక్కకి చూశాడంటే, ఆ ఆదివారాలు అయిపోతాయి.