క్లారినెట్‌కు కొబ్బరి నూనె

పెళ్లికొడుకు మండపంలోకి రావడం ఆలస్యమైతే జనం ట్రాఫిక్‌నో, ఫొటోగ్రాఫర్‌నో, అలిగిన మేనమామనో తిట్టుకుంటారు. ఉయ్యూరులో జరిగిన ఒక పెళ్లిలో మాత్రం వరుడు గేటు దగ్గర పావుగంట చలిలో నిలబడటానికి కారణం నేను. చేతిలో క్లారినెట్ పట్టుకున్న నేను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కానీ, ఆ పావుగంట ఎలా గడిచిందో నాకే తెలుసు.

నేను పటమటలో లెక్కల టీచర్ని. ముప్పై నాలుగేళ్ల వయసులో క్లారినెట్ మీద మనసు పడింది. నేర్పినాయన కోటయ్య మాస్టారు, నలభై ఏళ్లు పెళ్లి బ్యాండులో ఊదిన మనిషి. గవర్నర్‌పేటలో ఒక మేడ మీద గదిలో ఆదివారాలు పాఠం చెప్పేవారు.

రెండేళ్లకు నా పై స్వరాలు ఒక దారికొచ్చాయి. కింది స్వరాలే మొండికేశాయి. నేను ఊదాక కాసేపు ఆలోచించుకునేవి. ఇష్టమైతే పలికేవి, లేకపోతే గేదె దగ్గినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకునేవి.

"మాస్టారూ, వాయిద్యంలోనే ఏదో లోపం ఉందండీ," అన్నాను.

"ఉంటే ఉండొచ్చమ్మా. ఇవాళ పొద్దుపోయింది. వచ్చే ఆదివారం చూద్దాం."

ఆదివారం దాకా ఆగే గుణం నాకుంటే ఈ కథే ఉండేది కాదు. ఇంటర్నెట్‌లో వెతికాను. ఊదితే అదిరే పల్చటి బద్ద, అదే రీడు, గట్టిది పెడితే నాదం గంభీరంగా వస్తుందని ఒకాయన చెప్పాడు. తెప్పించి ఊదితే నా చెవుల్లోంచి గాలి వచ్చిందేమో గానీ క్లారినెట్‌లోంచి రాలేదు. లోపమంతా నోట్లో పెట్టుకునే మౌత్‌పీసులో ఉందని ఇంకొకాయన, రీడును బిగించే పట్టీలో ఉందని వేరొకావిడ చెప్పారు. అవీ వచ్చాయి. భోజనాల బల్ల మీద పరిచి ఉన్న సరంజామా చూసి మా ఆయన, "ఇదంతా ఒక్కదానికేనా, ఇంకోటి పుట్టబోతోందా?" అని అడిగాడు.

ఆదివారం మాస్టారు వాటిలో ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. పల్చటి కాగితం ముక్క తీసుకుని, రంధ్రాలను మూసే మెత్తటి ప్యాడ్ల కింద ఒక్కొక్కచోటా పెట్టి, మీట నొక్కి, మెల్లగా లాగారు. అన్నిచోట్లా కాగితం పట్టేసింది. ఒక్కచోట మాత్రం చులాగ్గా జారి వచ్చేసింది.

"ఇదిగో, గాలి ఇక్కడ పోతోంది. నువ్వు సైకిల్ ట్యూబు పంక్చరైతే బెల్లు మార్చావమ్మా," అన్నారు.

ఆ ప్యాడ్ మార్చి, నా పాత మెత్తటి రీడే తిరిగి బిగించి ఇచ్చారు. ఊదాను. అట్టడుగు స్వరం నా ఊపిరి తగిలీ తగలకముందే పలికింది. గది నిండా పరుచుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారు తీసేసిన ప్యాడును కాగితంలో చుట్టి పక్కన పెట్టారు. తర్వాత అన్నారు, "మా మనవరాలు శ్రావణి పెళ్లి పదిరోజుల్లో ఉందమ్మా. అది పుట్టినప్పుడే అనుకున్నాను, దాని పెళ్లికి నేనే ఊదాలని. ముందు పళ్లు తీసేశారు కదా, వాయిద్యం నోట్లో నిలవట్లేదు. నువ్వు ఊదు."

బుద్ధున్నవాళ్లెవరైనా అక్కడితో చేతులు కట్టుకుని కూర్చుంటారు. పెళ్లి ముందురోజు మధ్యాహ్నం ఒక మీట కిచకిచమంది. నూనె వేయాలి. వాయిద్యాల షాపతన్ని అడిగితే, "కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలండి మేడమ్," అన్నాడు. నోటి దగ్గర పెట్టుకునేదానికి మిషను నూనె ఏమిటని నాకు రోషం వచ్చింది. ఇంటికొచ్చి కొబ్బరి నూనె సీసా తీశాను. ఒక్కో మీటకూ మూలమూలనా పోశాను. మీటలు వెన్నలో వేలు దిగినట్టు కదిలాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అది డిసెంబరు. ముహూర్తం తెల్లవారుజామున. చెరకు తోటల మీద మంచు కమ్ముకుని ఉంటే, క్లారినెట్ పెట్టెను కారు డిక్కీలో పడేసి ఉయ్యూరు చేరాం. డిసెంబరు తెల్లవారుజామున కొబ్బరి నూనె ఏమవుతుందో మీకు తెలుసు. నాకూ తెలుసు, తలకు రాసుకునే విషయంలో.

వరుడు గేటు దగ్గరికొచ్చాడు. ఢోలు మొదలైంది. నేను మీట నొక్కి ఊదాను. స్వరం వచ్చింది. వేలు తీశాను. మీట లేవలేదు. ఇంకోటి నొక్కాను. అదీ పడుకుంది. ఎక్కడ నొక్కినా ఒకే మూలుగు. ఢోలాయన నావైపు చూస్తూ వాయిస్తూనే ఉన్నాడు.

మగపెళ్లివారి పెద్దాయన ఒకరు మాస్టారి దగ్గరికొచ్చి, "ఇదేం రాగమండీ?" అన్నారు.

"ఇంకా శ్రుతి చూసుకుంటోందండీ," అన్నారు మాస్టారు. నా పక్కకొచ్చి క్లారినెట్ అందుకుని వాసన చూశారు. "ఏమ్మా, ఏం వేశావు?"

"కొబ్బరి నూనెండీ."

"ఎంత?"

"గరిటెడు ఉంటుందండీ."

"తిరగమోత పెట్టలేదు కదా?"

మాస్టారు తిట్టలేదు. క్లారినెట్‌ను రెండు ముక్కలుగా విడదీసి, శాలువా లోపల, చంకల్లో చెరొకటి పెట్టుకుని, జ్వరమొచ్చిన పిల్లను పట్టుకున్నట్టు కుర్చీలో కూర్చున్నారు. ఢోలు ఒక్కటే మోగుతోంది. గేటు దగ్గర పెళ్లికొడుకు చేతులు రుద్దుకుంటున్నాడు. నేను మాస్టారి ముఖం చూడలేక ఆయన చెప్పులు చూస్తూ నిలబడ్డాను.

పావుగంటకు ముక్కలు బయటికి తీసి, తుడిచి, మీటలు ఆడించి చూశారు. "ఊదు. భయపడకు. కిందినుంచి మొదలుపెట్టు."

ఊదాను. అడుగు స్వరం వెచ్చగా, నిండుగా వచ్చింది. మీటలు లేచాయి. వరుడు నడిచాడు. తాళి కట్టే సమయానికి గట్టిమేళంలో నా క్లారినెట్ ఢోలును దాటి వినిపించింది. తలవంచుకుని ఉన్న శ్రావణి ఒక్కసారి తలెత్తి, నావైపు కాదు, తాతవైపు చూసింది. ఆయన శాలువాకు అంటిన నూనె మరకను చేత్తో కప్పుకుని నవ్వుతున్నారు.

తర్వాతి ఆదివారం మూడు గంటలు నాచేతే ఒక్కో మీటా విప్పించి తుడిపించారు. ఆ తర్వాత క్లారినెట్ మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించారు. నేను గంభీరంగా అన్నాను: "వంటింట్లో దొరికే ఏ పదార్థమూ ఈ వాయిద్యానికి తగలనివ్వను. నెయ్యి తగలనివ్వను. వెన్న తగలనివ్వను. స్క్రూ తిప్పే ముందు మాస్టారికి ఫోన్ చేస్తాను."

"మంచిది," అన్నారాయన.

"మాస్టారూ, ఆముదం అయితే గడ్డకట్టదు కదండీ?"

ఆయన క్లారినెట్ పెట్టెను మెల్లగా నా ముందునుంచి జరిపి, ఒళ్లో పెట్టుకుని, "చెయ్యి వెయ్యమ్మా, మళ్లీ మొదటినుంచి చెబుదాం," అన్నారు.