చిలుకమ్మకు రెండు రకాల లెన్సులు

మా సారంగపాణి మామ రెండు పక్కపక్కన పెట్టి చూడనిదే ఏదీ కొనడు. చూశాక రెండింటినీ తిట్టనిదే ఊరుకోడు. హన్మకొండ బస్సొస్తే ఎక్కడు. "ఆగురా, ఎనుకది ఎట్లుంటదో చూద్దాం" అంటాడు. వెనకది వచ్చాక, "థూ, ఇదొక బస్సా! ముందుదే నయముండె" అని నడిచిపోతాడు. మట్టెవాడలో బట్టల దుకాణం పెట్టి, సొంత చీరల్నే గోనెపట్టాలని తిట్టి బేరాలను పక్క దుకాణానికి పంపిన ఘనుడాయన.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో ఉన్నట్టుండి, "నాకు మోతిబిందు అయిందిరా" అన్నాడు. మోతిబిందంటే కంట్లో శుక్లం. అది తీసి లోపలే లెన్సు పెట్టే ఆపరేషన్ అప్పుడప్పుడే మా ఊరికొచ్చింది. అందులోనూ ఫారిన్ లెన్సు ఒకటి, మన దేశంలో చేసింది ఒకటి. ఇంకేం, మామకు పండగే.

"రెండూ పెట్టి చూడంది నా కన్ను ముట్టనియ్య."

"పెట్టి చూడనీకి అవేమన్న చెప్పులా మామా?"

"నాకెందుకు? చిలుకమ్మకు పెట్టిస్త. ఒక కంట్ల ఫారిన్‌ది, ఒక కంట్ల మనది. పక్కపక్కన చూసినట్టుంటది."

చిలుకమ్మ మామ దుకాణంలో చీరలకు ఫాల్ కుట్టి బతికే మనిషి. రెండు కళ్ళకూ శుక్లాలే. కుట్టు వంకర పోతోంది. ఇంకొన్నాళ్ళయితే ఆ పనీ పోతుంది. ఎవరైనా ఆపరేషన్ చేయిస్తామంటే మాత్రం, "ఒకల సొమ్ము నాకెందుకు?" అని ఇంతెత్తున లేచేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పేదమనిషి కండ్లంటే నీకు నమూనా గుడ్డముక్కలా? సిగ్గుండాలె!" అన్నాను. మట్టెవాడంతా ఆయన మొహాన ఉమ్మినంత పని చేసింది. చిలుకమ్మ మాత్రం మూతి తిప్పి, "గింత పిరికోనివేంది సేటూ! నీ బదులు నేనే ముందుగాల పోతగని, జర నిమ్మళంగుండు" అంది.

దవాఖానలో ఒక కన్ను, అది మానాక రెండోది, అయిపోయాయి.

"ఏది మంచిగున్నదే?" అన్నాడు మామ.

"రెండూ మంచిగనే కనవడుతున్నయ్ సేటూ."

"రెండూ ఒక్కతీరేనా? ఛీ, నీకు సరుకు చూసుడే రాదు!"

ఇక వదులుతానా? చిలుకమ్మను వెంటబెట్టుకుని, మామను లాక్కెళ్ళి డాక్టరు ముందు కూలేశాను. "ఏ రకమైనా సరే, ఈయనకు ఇయ్యాల్నే పెట్టుండ్రి సార్!"

డాక్టరు టార్చి వేసి చూసి నవ్వాడు. "ఈయన కళ్ళకేమైందని? శుక్లం లేదని మొదటి రోజే చెప్పిన గదా. ఆమెకు చేస్తే చాలు, రెండు కళ్ళూ అయ్యేదాకా ఆమెకు మాత్రం చెప్పొద్దన్నాడు."

మామ నేల చూపులు చూస్తూ, "ముందుముందన్న వస్తది గద! ఇప్పటిసంది చూసి పెట్టుకోవద్దా?" అని నసిగాడు.

చిలుకమ్మ దిగ్గున లేచింది. ఒకరి సొమ్ము ముట్టని మనిషి, ఏం గొడవ చేస్తుందోనని నాకు భయమేసింది. ఆవిడ మామకు ఎదురుగా నిలబడి, ఎడమ కన్ను మూసి ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది. తర్వాత కుడి కన్ను మూసి చూసింది.

"ఫారిన్ కంటికి దొంగోనివే, మన కంటికి గూడ దొంగోనివే సేటూ!" అని ఫక్కున నవ్వింది.