బోర్లా పెట్టిన షీల్డు

నారాయణఖేడ్ బస్ డిపో ఎదుట షీల్డులు తయారుచేసే శివరాజ్, పేరు స్టిక్కర్ అతికించాక బొటనవేలితో మూడుసార్లు రుద్దుతాడు. ఒక్క బుడగ మిగిలినా పీకి మళ్లీ అతికిస్తాడు. ఇక్కడి పోటీల విజేతలు ముందురోజే అతని బల్ల మీద తయారవుతారు. రేపటి జానపద గీతాల పోటీకి 'ఉత్తమ గాయకుడు' షీల్డు మీద, డబ్బు పెట్టిన పెద్దమనిషి తమ్ముడి పేరు రుద్దుతున్నాడు. అదే పోటీకి పేరిచ్చిన పత్తికూలీ హనోకు వచ్చి, "అన్నా, జర ఇను" అని పాటెత్తుకున్నాడు. శివరాజ్ షీల్డును మెల్లగా బోర్లా పెట్టాడు. పాట అయ్యేదాకా అతని బొటనవేలు కదల్లేదు.

"గిట్ల పాడెటోన్ని నేనింతవరకు ఇనలేదురా."

హనోకు మురిసిపోయాడు.

"అయితే రేపు గెలిచినంక నా పేరు నువ్వే అతికియ్యాలె అన్నా. బుడగల్లేకుండ."