ఎనిమిది పాయింట్ రెండు

మొన్న రాజమండ్రిలో కళ్ళాసుపత్రిలో కూర్చుని ఉండగా గోడ మీది స్పీకర్లోంచి టోకెన్ నంబర్లు పిలిచే గొంతు వినబడింది. ఆడగొంతు. ప్రతి అంకెకూ ఒకే బరువు, అంకెకూ అంకెకూ మధ్య ఒకే ఎడం. చుట్టూ అంతమంది ఉండగా, పట్టపగలు, నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అలాంటి గొంతు నేను మొదటిసారి విన్నది ధవళేశ్వరంలో, కామేశ్వరరావు మాస్టారింట్లో.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాది గోదావరి మీద చేపలు పట్టుకు బతికే కుటుంబం. కంప్యూటర్ సైన్సు తీసుకున్నానే గానీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది లైన్లు సొంతంగా రాయలేకపోయేదాన్ని. మాస్టారు ఉచితంగా నేర్పుతారని స్నేహితురాలు చెప్తే వెళ్ళాను. లెక్కల లెక్చరరుగా ఉండగానే నీటికాసుల జబ్బుతో ఆయన చూపు పోయిందన్న సంగతి మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నం వేళ. ఆయన భార్య సుందరమ్మగారు "లోపలున్నారు, వెళ్ళమ్మా" అన్నారు. గది కిటికీలు మూసి ఉన్నాయి. లైటు లేదు, మానిటరు నల్లగా ఉంది. ఆ చీకట్లో ఎవరో ఆడమనిషి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. ఏ భాషో అంతుపట్టలేదు. నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి.

"రా అమ్మా. మాట్లాడేది మనిషి కాదులే," అంది మరో గొంతు, ఓ మూలనుంచి. మాస్టారిది.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అది. అలవాటైన కొద్దీ మాస్టారు దాని వేగం పెంచుకుంటూ పోయారు. చివరికి ఆయనకు తప్ప ఎవరికీ అందని వేగానికి చేరింది. నా ప్రోగ్రామును కూడా అదే గొంతుతో చదివించి, కళ్ళు మూసుకుని విని, "ఏడో లైన్లో ఎక్స్ అన్నావు, పదో లైన్లో ఎక్స్ వన్ అన్నావు. ఎవరమ్మా వీళ్ళు? పేరు వింటే పని తెలియాలి కదా," అనేవారు. ఏది రాసినా పైకి చదవమనేవారు. నాలుక తడబడిన చోట తప్పు ఉండి తీరేది. అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం ఆదివారం ఆయన తన దగ్గర నేర్చుకున్న ఓ నలభై మందికి ఈమెయిల్ ఉత్తరం పంపేవారు. పైథాన్‌లో ఒక మెళకువ, కొత్త వెర్షన్లో వచ్చిన మార్పు, మనవాళ్ళు ఎవరేం రాశారన్న కబురు. పిఠాపురంలో ఒక అర్చకుడుగారు తిథులు లెక్కగట్టే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాశారనీ, ఆత్రేయపురంలో ఒకావిడ పూతరేకుల ఆర్డర్లను ఊళ్ళవారీగా విడదీసుకుంటోందనీ అందులోనే చదివాను. నా పేరు కూడా ఒక వారం వచ్చింది. గోదావరి నీటిమట్టాన్ని ఒక వెబ్ పేజీలోంచి గంటగంటకూ తీసుకుని, మా వాళ్ళ ఫోన్లకు మెసేజి పంపే స్క్రిప్టు రాశాను. "ఎనిమిది అడుగులు, ప్రమాదం లేదు" అని తెలుగులో వచ్చేది. మా నాన్న ఆ మెసేజి రేవులో అందరికీ చూపించారు. నెల తిరగకుండా నది మధ్య లంకల్లో వల వేసేవాళ్ళంతా దాన్నే చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ స్క్రిప్టులో రెండు లైన్లు మాస్టారికి చదివి వినిపించలేదు. పేజీ తెరుచుకోకపోయినా, అంకె దొరక్కపోయినా స్క్రిప్టు ఆగిపోయేది. అది విసుగనిపించి, ఏ తప్పు వచ్చినా పట్టించుకోకుండా పాత అంకెతోనే ముందుకు పొమ్మని రాసేశాను. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా ఆగలేదు. నేను గర్వపడ్డాను.

శ్రావణమాసంలో ఒక ఉదయం వెళ్ళేసరికి మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు వినగానే చెయ్యెత్తి ఆగమన్నారు. ఆ రోజు గొంతు వేగంగా లేదు. నాకు అర్థం కావాలని నెమ్మది చేశారు. తనకూ వచ్చే నా మెసేజిలను వరసగా చదివిస్తున్నారు. ఎనిమిది పాయింట్ రెండు అడుగులు, ప్రమాదం లేదు. ఎనిమిది పాయింట్ రెండు అడుగులు, ప్రమాదం లేదు. ఇరవైసార్లకు పైగా అదే అంకె, అదే స్వరం.

"నిన్న పొద్దున్నుంచీ ఇంతే," అన్నారు.

"నీళ్ళు నిలకడగా ఉన్నాయేమోనండీ."

"నది అలా ఉండదమ్మా. పెరగనన్నా పెరగాలి, తగ్గనన్నా తగ్గాలి. ఆ కిటికీ తియ్యి."

తీశాను. గోదావరి బ్యారేజీ హోరు గదిలోకి వచ్చింది. రోజూ వినేది కాదు. అడుగున ఏదో పెద్దది దొర్లుతున్నట్టు, గోడలోంచి వస్తున్నట్టు ఉంది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"తెల్లవారుజామునుంచీ వింటున్నాను," అన్నారు మాస్టారు. "నీ అంకె తప్పు కాదనుకుని నా చెవుల్నే అనుమానించాను."

ఫోన్లో వెబ్ పేజీ తెరిచాను. దాని రూపమంతా మారిపోయి ఉంది; అందుకే నా స్క్రిప్టు అంకె దొరక్క పాతదే పంపుతూ ఉంది. నీళ్ళు పదమూడు అడుగులు దాటాయని ఎర్రటి అక్షరాల్లో రాసి ఉంది. నాన్నకు ఫోన్ చేశాను.

"లంకలోనే ఉన్నాం అమ్మలూ. ఎనిమిదిమందిమి. వలలు బాగుచేసుకుంటున్నాం."

"నీళ్ళెలా ఉన్నాయి నాన్నా?"

"వరద ఎర్రనీళ్ళొచ్చేశాయి. రేవు గుంజలు మునిగాయి. నాకూ తేడాగానే ఉంది గానీ, నీ మెసేజి ఎనిమిదే అంటోంది కదా, దిగిపోతుందిలే అని కూర్చున్నాం."

నలభై ఏళ్ళు ఆ నది మీద బతికిన మనిషి నీళ్ళు పాదాల దగ్గరకు వస్తుంటే చూస్తూ, నేను రాసిన రెండు లైన్లను నమ్మి కూర్చున్నాడు. "అది అబద్ధం నాన్నా. అన్నీ వదిలేసి వచ్చెయ్యండి!" అని అరిచాను.

ఎనిమిదిమందీ ఒకే పడవలో బయల్దేరారు. మిగతా పడవలూ వలలూ వదిలేశారు. గట్టెక్కాక నాన్న చెప్పిన మాట నన్ను వదల్లేదు. నడి ఏట్లో, పక్కనే చెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోతుండగా, ఎనిమిది ఫోన్లూ ఒక్కసారే మోగాయట. ఎవరో తీసి చూశారు. ఎనిమిది పాయింట్ రెండు, ప్రమాదం లేదు. ఆ కంగారులో స్క్రిప్టును ఆపాలన్న సంగతే నాకు తోచలేదు.

రెండు రోజుల తర్వాత మాస్టారి దగ్గరకు వెళ్ళి, "ఇక ఇది మానేస్తానండీ," అన్నాను.

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "మానెయ్యి. కానీ ఈ ఆదివారం ఉత్తరం నువ్వు రాశాక మానెయ్యి. ఆ రెండు లైన్లు ఎందుకు రాశావో, అవి ఏం చేశాయో రాయి. నేను వినలేదని కూడా రాయి."

"మీరు వినకపోవడమేంటండీ? నేనే వినిపించలేదు."

"నేను అడగలేదు కదమ్మా."

రాశాను. సోమవారానికి ముగ్గురు జవాబిచ్చారు. వాళ్ళ స్క్రిప్టుల్లోనూ ఆ రెండు లైన్లు ఉన్నాయట. పిఠాపురం అర్చకుడుగారు ఒక్క వాక్యమే రాశారు: "నాది ఏడాదిగా ఏ తప్పులు మింగేసిందో ఇప్పుడు వెతుకుతున్నానండి." నేను మానెయ్యలేదు. మాస్టారి పక్కన కూర్చుని స్క్రిప్టు తిరగరాశాను. అంకె దొరక్కపోతే ఏమని పంపాలో తేలక చాలాసేపు మల్లగుల్లాలు పడ్డాం. చివరికి ఆయనే అన్నారు, "ఉన్నదే చెప్పు. ఈ గంట నీటిమట్టం మాకు తెలియలేదు, నదిని మీరే చూసుకోండి అను."

కొన్ని వారాలకు అలాంటి మెసేజి మొదటిసారి వెళ్ళింది. భయపడుతూ నాన్నకు ఫోన్ చేశాను.

"వచ్చిందమ్మా. నీకు తెలియదన్నావు కదా, ఏటి దాకా వెళ్ళి చూసొచ్చాను. బాగానే ఉంది," అన్నారాయన.

ఆ మాట చెప్పినప్పుడు మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వారు. ఆయన అంతలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. మరుసటి చలికాలంలో పోయారు. ఆదివారం ఉత్తరం ఇప్పుడు నేనే రాస్తున్నాను.

నేనిప్పుడు పనిచేసే వరద సమాచార ఆఫీసులో మొన్నటి వానల్లో మా మేనేజరు వచ్చి, తెర మీద ఒక రేవు నీటిమట్టం గడి ఖాళీగా ఉండటం బాగోలేదనీ, దాంట్లో నిన్నటి అంకె వేసేయమనీ అన్నారు.

"నిన్నటిది నిన్నటిదేనండీ. ఇవాళ్టిది మనకు తెలియదు," అన్నాను.

ఆయన ఆ ఖాళీ గడి వంక చూశారు. తర్వాత ఫోన్ తీసి, ఆ రేవు దగ్గరున్న మనిషికి చేసి, "ఒకసారి బయటికెళ్ళి చూసి చెప్తారా?" అని అడిగారు.