బోర్డు మీద ఆరేసిన తాడు

కృష్ణపట్నం దాటాక ఒక రేవులో కొత్త బోర్డు కనబడింది. ముసలితనంలో అక్షరాలు నేర్చినవాణ్ణి, కూడబలుక్కుని పైకే చదివాను: ‘కాటమరాన్ షికారు. తెప్పలు ఇక్కడ ఆరబెట్టరాదు.’

పక్కనే జాలరి పోలయ్య వేట నుంచి వచ్చి తెప్ప కట్లు విప్పుతున్నాడు. దుంగలను విడదీసి రోజూ ఎండబెట్టకపోతే నీళ్లు తాగి బరువెక్కుతాయట.

“కాటమరానంటే ఏంది పెద్దాయనా?”

“ఇంగ్లీషు మాట లే. దుంగలు కట్టింది గనక మీరు కట్టుమరం అంటారే, అరవ రేవుల్లో ఆ మాటే విని తెల్లోళ్లు పట్టుకుపోయినారంట. మా టీచరమ్మ చెప్పింది.”

“అయితే మా పేరు పెట్టుకోని మమ్మల్నే పొమ్మంటారా? దుంగలు యాడ ఆరేసేది, నా నెత్తినా?”

నాకూ ఒళ్లు మండింది. పేరు తీసుకున్నది చాలక ఒడ్డు కూడా కావాలా? పోలయ్య తడి తాడు కొస నా చేతికిచ్చాడు. ఇద్దరం దాన్ని ఆ బోర్డు మీదే ఆరేశాం.